బడి పద్దులు మబ్బుకెక్కిన కథ

2025 జూన్‌లో, బడులు తెరిచిన మూడోరోజో నాలుగోరోజో, ఒక అమ్మాయి మా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "సారూ, నన్ను గుర్తుపట్టిన్రా?" అని అడిగింది. దాదాపు ముప్ఫయి యేళ్ళుగా లెక్కలు చెబుతూ వస్తున్నవాడికి యింతకన్న యిరకాటమైన ప్రశ్న వుండదు. మొహం యెక్కడో చూసినట్టే వుంటుంది. పేరు మాత్రం నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది. "ఎందుకు గుర్తులేవమ్మా, కూర్చో" అన్నాను, అబద్ధమాడుతూ.

ఆమె వచ్చిన పని చూడబోతే చిన్నదే. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా మా జూలూరుపాడు బడిలోనే చదివింది. ఆ తరవాత తల్లిదండ్రులు కూలిపనికి హైదరాబాదు పోతే అయిదు, ఆరు, యేడు తరగతులు అక్కడ. ఇప్పుడు డిగ్రీ అయింది, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ చదివిన నాలుగేళ్ళకీ ఒక స్టడీ సర్టిఫికెట్టు కావాలి.

ఉద్యోగాల వేటలో వున్న పిల్లలు యింట్లో వున్నవారికి యీ నాలుగేళ్ళ కీలకం చెప్పనక్కరలేదు. లేనివారికి చెబుతాను. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, తెలంగాణలో ఒకటి నుంచి యేడు తరగతుల్లో కనీసం నాలుగేళ్ళు యెక్కడ చదివితే అక్కడి స్థానిక అభ్యర్థి కింద లెక్క. నేరుగా భర్తీచేసే కొలువుల్లో నూటికి తొంభై అయిదు స్థానికులవే. ఇక్కడి నాలుగులో ఒక యేడాదికి రుజువు లేకపోతే, అక్కడ మూడు, యిక్కడ మూడు. ఆ పిల్ల రెంటికి చెడ్డ రేవడి అయిపోతుంది.

మా గుమాస్తా బీరువా తెరిచాడు. 2009లో చేర్చుకొన్న వివరం అడ్మిషన్ రిజిస్టరులో వున్నది. ఆ యేడూ, తరవాతి రెండేళ్ళూ హాజరు పట్టీలు, అంచులు చెదలు కొట్టినా, పేరు చదవడానికి వీలుగానే వున్నవి. నాలుగో తరగతి, అంటే 2012 జూన్ నుంచి 2013 ఏప్రిల్ దాకా పట్టీ యేదీ? లేదు. వెళ్ళిపోయిన తేదీ రాయవలసిన గడి ఖాళీ. ఎందుకంటే ఆ సంవత్సరమే మా బడిలో కంప్యూటరు పద్దు ప్రవేశించింది. కాగితం మీద రాసే పని యిక లేదని ఆనాడు అందరం సంతోషించాము. నేను అందరికంటె యెక్కువ సంతోషించాను. ఆ కంప్యూటరుని తెప్పించినవాణ్ణి నేనే గనక.

ఆ సంగతి కాస్త చెప్పాలి. 2012లో ఒక చిన్న సంస్థవారు వచ్చి, హాజరు, మార్కులు, ఫీజులు అన్నీ తమ ప్రోగ్రాములో పెట్టుకొమ్మన్నారు. చవకగానే యిచ్చారు. నాలుగేళ్ళు బాగానే నడిచింది. 2016లో ఒకనాడు తెర తెరిస్తే గడువు తీరిపోయిందన్న మాట ఒక్కటే కనిపించింది. ఫోను చేస్తే మోగలేదు. ఆఫీసు చిరునామాకి మనిషిని పంపితే అక్కడ టైలరింగు దుకాణం వున్నది. మా నాలుగేళ్ళ పిల్లలు ఆ తెర వెనక వుండిపోయారు. అప్పట్లో మళ్ళీ కాగితాలకి వెళ్ళిపోయి, పోయినదాన్ని గురించి యెవరమూ మాట్లాడుకోలేదు. ఎవరూ అడగలేదు గనక పోయినట్టు తోచనూ లేదు. అడగడానికి ఆ అమ్మాయి రావలసివచ్చింది.

"ప్రభుత్వానికి యేటేటా లెక్క పంపుతాము గదా, అందులో వుండదా?" అన్నారు మా కరస్పాండెంటుగారు. ఉండదు. ఆ రోజుల్లో యూడైస్ అనే జాతీయ లెక్కకి బడులు యిచ్చినది తలల లెక్కే: ఫలానా తరగతిలో బాలురు యిందరు, బాలికలు యిందరు అని. పిల్లలని పేరుపేరునా నమోదు చెయ్యడం 2022-23 సంవత్సరం నుంచి మొదలైంది. హైదరాబాదులో ఆ పిల్లని చేర్చుకొన్న బడిలో మేమిచ్చిన టీసీ వుంటుందేమోనని అడిగించాము. అప్పటి కాగితాలు దొరకడం లేదన్నారట. ప్రోగ్రెసు కార్డు గది మారినప్పుడు పోయింది.

"పది రోజులాగి రా అమ్మా, వెతుకుతాము" అని పంపించాను. వెళుతూ ఆ పిల్ల, "సారూ, నేను చదివిన్నా లేదా మీకు తెల్వదా?" అన్నది. తెలుసు. కాని నా తెలివికి రబ్బరు స్టాంపు లేదు.

ఇలాగ వుండగా ఆ సంవత్సరమే మళ్ళీ కంప్యూటరు పద్దు పెట్టుకోక తప్పని పరిస్థితి వచ్చింది. నాలుగు వందల పైచిలుకు పిల్లలు, పాపకొల్లు, పడమట నర్సాపురం వైపు నుంచి వచ్చే బస్సులు, నెలనెలా వాయిదాల ఫీజులు, పైగా ప్రభుత్వానికి యెక్కించవలసిన వివరాలు. యూడైస్‌లో ప్రతి బడికీ పదకొండంకెల సంఖ్య వుంటుంది: మొదటి రెండూ రాష్ట్రం, తరవాత జిల్లా, మండలం, గ్రామం, చివర రెండూ బడి. ఇప్పుడు పిల్లకీ ఒక శాశ్వత సంఖ్య, దాని మీద తల్లిదండ్రులు ఒప్పుకొంటే పన్నెండంకెల అపార్ సంఖ్య. ఆధార్‌లో పేరు ఒకలాగా బడిలో ఒకలాగా వుంటే అపార్ రాదు. మా గుమాస్తా సంవత్సరమంతా యీ అక్షరాల తేడాలు దిద్దడంలోనే గడుపుతున్నాడు.

"ఈసారి కూడా మీరే చూడండి బావగారూ" అన్నారు కరస్పాండెంటుగారు. ఆయన నాకు వరసకి బావమరిది. పొడిచాడో, నమ్మాడో తెలియలేదు.

మొదట వచ్చినవారు హైదరాబాదు నుంచి కారు వేసుకొని వచ్చారు. వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా మా వూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాక గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. అద్భుతం. పిల్ల బస్సెక్కితే తల్లి ఫోనులో గంట. మార్కులు తగ్గితే యెర్రగీత. "మీ డేటా అంతా క్లౌడ్‌లో వుంటుంది సార్, భయమే లేదు" అన్నాడు కుర్రవాడు. క్లౌడ్ అంటే మబ్బు అని మా గుమాస్తాకి తెలుసు. మా ప్రాంతమంతా పత్తి రైతులు. మబ్బుని నమ్ముకొని విత్తనం పెట్టిన అనుభవం యింటింటా వున్నది. గుమాస్తా లేచి, "ఆ మబ్బు యెక్కడ కురుస్తది సారూ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ప్రశ్న మాత్రం మంచిదే. మన పిల్లల వివరాలు యే వూళ్ళో, యెవరి యంత్రంలో వుంటవి, ఆ యంత్రానికి అద్దె కట్టడం మానేస్తే యేమవుతుంది? కుర్రవాడు కంపెనీని అడిగి చెబుతానన్నాడు.

తరవాత అతను గర్వంగా మరొకటి చూపించాడు. ఫీజు బాకీ వున్న పిల్లకి టీసీ అచ్చు కాకుండా తాళం పడుతుందట. "మీరు కాదనక్కర్లేదు సార్, సిస్టమే కాదంటుంది" అన్నాడు. కరస్పాండెంటుగారి మొహం వికసించింది. ఆయన్ని నేను తప్పుపట్టను. జీతాలు యిచ్చేది ఆయన, పత్తి ధర పడిపోయిన యేడు బాకీలు చూసి నిద్రపట్టనిదీ ఆయనకే. కాని 2009 విద్యాహక్కు చట్టం, బడి మారే పిల్లకి హెడ్మాస్టరు వెంటనే టీసీ యివ్వాలనీ, టీసీ ఆలస్యమైందన్న నెపాన కొత్త బడి చేర్చుకోకుండా వుండరాదనీ చెబుతున్నది. మనిషి కాదంటే బతిమాలుకోవచ్చు. సిస్టం కాదంటే యెవరిని బతిమాలడం? ఆ తాళం మాకు వద్దన్నాను. ఆ సాయంకాలం మా బావమరిది నాతో మాట్లాడలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో యీ గొడవంతా చెప్పాను. మా ఆవిడ పాల లెక్క కాలెండరు మీద రాసుకొంటుంది. పాలవాడు వేరే పుస్తకంలో రాసుకొంటాడు. నెలాఖరున రెండూ కలిపి చూస్తారు. "ఏమండీ, ఆ కాలెండరు వాడి దగ్గరే పెట్టమంటే నేను పెడతానా?" అన్నది. పెట్టదు. ఇరవై అయిదేళ్ళుగా చూస్తున్నాను.

మర్నాడు పొద్దున కూర్చొని నేనొక పరీక్ష కాగితం తయారుచేశాను. లెక్కల మాస్టరుని గదా, ఒకరు బొమ్మలు చూపిస్తే నమ్మడం కంటె నేను లెక్క యిచ్చి వాళ్ళని చెయ్యమనడం నయమనుకొన్నాను. పేర్లు మార్చి పదిమంది పిల్లల వివరాలు రాశాను. అందరూ మా బడి గుమ్మం తొక్కేలాంటి పిల్లలే.

మొదటిది ఒక లంబాడా పిల్ల పేరు. భూక్యా, బాణోత్, గుగులోత్ వంటి యింటిపేర్లు మా దగ్గర తరగతికి పదిమందికి వుంటవి. మనకి యింటిపేరు ముందు, పేరు వెనక. దేశం బయట తయారైన ప్రోగ్రాములు, వాటిని చూసి యిక్కడ తయారైనవీ, మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు పెడతవి. గుమాస్తా అలవాటు కొద్దీ మొదటి గడిలో యింటిపేరు పెడతాడు. యంత్రం దాన్ని పేరనుకొని, తరగతి పట్టిక అచ్చువేస్తే వరసగా పన్నెండుమంది బాణోత్‌లు, ప్రతివాడి వెనకా ఒక పొడి అక్షరం. పదో తరగతి మెమోలో పడిన పేరు జన్మంతా వెంట వస్తుంది. దిద్దించుకోవడానికి యెన్ని తిరుగుళ్ళో దిద్దించుకొన్నవారికి తెలుసు.

రెండవది తండ్రి లేని పిల్లవాడు. తల్లే పెంచుతున్నది. వచ్చిన నాలుగింటిలో రెండు ప్రోగ్రాములు తండ్రి పేరు గడి నింపనిదే ముందుకు కదలలేదు. "ఏదో ఒకటి కొట్టండి సార్, చుక్క పెట్టినా తీసుకుంటుంది" అని సలహా యిచ్చారు. తండ్రి స్థానంలో చుక్క! ఆ పిల్లవాడి ప్రోగ్రెసు కార్డు మీద ఆ చుక్క అచ్చయి యింటికి వెళుతుందని ఆ సలహా యిచ్చినవారికి తోచలేదు.

మూడవది పుట్టినరోజు. ఇది మాత్రం నేను కావాలనే కొంచెం కుట్రగా పెట్టాను. మన అలవాటున 3-8-2016 అంటే ఆగస్టు మూడు. అమెరికావారి అలవాటున అదే మార్చి యెనిమిది. మన పట్టీని ఎక్సెల్‌లో పెట్టి ప్రోగ్రాములోకి యెక్కించేటప్పుడు, ఆ కంప్యూటరు అమెరికా పద్ధతిలో వున్నదనుకోండి, పన్నెండో తేదీ లోపల పుట్టిన పిల్లల నెలా రోజూ చప్పుడు చెయ్యకుండా తారుమారవుతవి. పదమూడు మొదలు పుట్టినవాళ్ళు మారరు, పదమూడో నెల లేదు గనక. అందువల్ల పైపైన నాలుగు పేర్లు సరిచూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. బెంగుళూరు నుంచి తెర మీద మాట్లాడిన సంస్థవారి దగ్గర సరిగ్గా యిదే జరిగింది. నేను చూపిస్తే ఆ అమ్మాయి నిజాయితీగా, "అయ్యో, సార్, మేము గమనించలేదు" అన్నది. మా తరంలో పంతులుగారే బడిలో చేర్చేరోజున అయిదేళ్ళు నిండేటట్టు జూన్ నెల తేదీ ఒకటి వేసేవారు. నా పుట్టినరోజూ అలాంటిదే. ఆనాడు పంతులుగారు వేసిన తేదీ ఒక్కటే వుండేది గనక చెల్లిపోయింది. ఈనాడు జనన ధ్రువపత్రం, ఆధార్, బడి, పదో తరగతి మెమో నాలుగూ ఒక్కటి కావాలి.

నాలుగవది మిరపకోతలకి తల్లిదండ్రులతో వెళ్ళి నెలన్నర తరవాత తిరిగివచ్చిన పిల్ల. ఒక ప్రోగ్రాము ముప్ఫయి రోజులు రాని పిల్లని తనంతట తానే పట్టీలోంచి తీసేసింది. తిరిగి పెట్టాలంటే కొత్తగా చేర్చుకోవాలట, కొత్త నంబరుతో. అంటే ఒక పిల్లకి రెండు జన్మలు. మా అమ్మాయి నాలుగో తరగతి గుర్తొచ్చి ఆ ప్రోగ్రాముని ఆ క్షణమే పక్కన పెట్టాను.

తెలుగు విషయం చెప్పకపోతే పాఠకులు నన్ను క్షమించరు. తెలుగు లిపి యూనికోడ్‌లో 1991లోనే వున్నది. అయినా "తెలుగు వస్తుందా?" అని అడిగితే అందరూ తల వూపారు, అచ్చు వేయమంటే ఒకరిది గళ్ళు గళ్ళుగా వచ్చింది. తల్లులకి పంపే సందేశాల సంగతి యింకా తమాషా. ఇంగ్లీషు సందేశం ఒక్కటికి నూట అరవై అక్షరాలు పడతవి. తెలుగుకి డెబ్బయ్యే. అందులోనూ గుణింతం గుర్తూ, పొల్లూ, ఒత్తూ దేనికదే లెక్క. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరంగా రాస్తాము. టెలిఫోను లెక్కలో అది ఆరు. కాబట్టి "రేపు బడికి సెలవు" అనే ముక్కకి నాలుగు మర్యాద మాటలు చేరిస్తే రెండు సందేశాల ఖర్చవుతుంది. పైగా 2021 నుంచి ఆ సందేశపు నమూనాని ముందుగా టెలిఫోను సంస్థల దగ్గర నమోదు చేయించనిదే అది కదలదు. ఇదంతా ఖర్చుల కాగితంలో చివర, చిన్న అక్షరాల్లో వుంటుంది. అడిగితేనే చెబుతారు.

మా బావమరిది మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. "డబ్బు పెట్టి కొనడమెందుకు మామయ్యా, ఓపెన్ సోర్స్ వున్నవి" అని అతను వాదించాడు. అది తోసిపుచ్చదగిన మాట కాదు. ఫెడీనా అనే ప్రోగ్రాము మన దక్షిణాదిలోనే పుట్టి, మూలంతో సహా అందరికీ అందుబాటులోకి వచ్చింది. కేరళ ప్రభుత్వం తన బడులకోసం నడిపిన సంపూర్ణ అనే పద్దు దాని మీద కట్టినదే. హాంకాంగులో ఒక బడి ఉపాధ్యాయులు తమకోసం చేసుకొన్న గిబ్బన్ అనేది యిప్పుడు యెన్నో దేశాల్లో వాడుతున్నారు. కొనే ఖర్చు లేదు. కాని దాన్ని నిలబెట్టి, కాపాడి, చెడితే బాగుచేసే మనిషి కావాలి. ఆ మనిషి హైదరాబాదులో వుంటాడు. జూలూరుపాడులో జూలై వానకి కరెంటు పోయి మిషను లేవకపోతే మేనల్లుడికి సెలవు దొరకాలి. కేరళలో వెనక ప్రభుత్వం వున్నది. మాకు గుమాస్తా ఒక్కడు. ఇది నాకు యిప్పటికీ కొంచెం బాధే.

మా హెడ్మిస్ట్రెస్‌గారు మొదటినుంచీ పెద్ద పేరున్న సంస్థవైపు మొగ్గారు. పేరుంటే పారిపోరు గదా అని. ఆవిడకి రెండు సంగతులు చెప్పాను. ఒకటి అమెరికాది. అక్కడ బడుల పద్దుల్లో పవర్‌స్కూల్ అనేది చాలా పెద్ద పేరు. 1997లో పుట్టింది, కొన్నాళ్ళు ఆపిల్ చేతిలో, తరవాత పియర్సన్ చేతిలో వున్నది. 2024 డిసెంబరులో యెవరో దొంగిలించిన ఒక తాళంమాటతో, వినియోగదారులకి సాయపడే గుమ్మం గుండా లోపలికి చొరబడి, కోట్లమంది పిల్లల, ఉపాధ్యాయుల వివరాలు యెత్తుకుపోయారు. సంస్థ వారికి డబ్బు యిచ్చింది. ఇచ్చిన తరవాత కూడా, 2025 మేలో, కొన్ని బడులకి మళ్ళీ బెదిరింపులు వచ్చినవి. చివరికి కోర్టులో నేరం ఒప్పుకొన్నది పందొమ్మిదేళ్ళ కాలేజీ కుర్రవాడు.

రెండవది మనది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చినవి. ఫలితాల పని చేసిన ప్రోగ్రాము కొత్తది. హాజరైనవారికి రాలేదని, మంచి మార్కులు వచ్చినవారికి సున్నా అని పడిన వుదంతాలు బయటపడినవి. ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలని రాష్ట్రం పోగొట్టుకొన్నది. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని వేసింది, తప్పినవారందరి పేపర్లూ వుచితంగా తిరిగి చూపించింది. వెయ్యిమందికి పైగా ప్యాసయ్యారు. ఈ మాట చెప్పినప్పుడు హెడ్మిస్ట్రెస్‌గారు చాలాసేపు యేమీ అనలేదు. వాళ్ళ అమ్మాయి ఆ సంవత్సరమే ఇంటర్ రాసింది.

చివర వచ్చినవాడు ఖమ్మం కుర్రవాడు. మోటారు సైకిలు మీద, వానలో తడుస్తూ వచ్చాడు. అతని తెర చూడడానికి బాగాలేదు. రంగులు పాతసినిమా పోస్టరులాగ వున్నవి. బస్సు యెక్కడుందో చూపించదు. నా కాగితం అతనికిచ్చాను. పదింటిలో యేడు నెగ్గాడు. తప్పిన మూడూ యెందుకు తప్పినవో అక్కడే చెప్పాడు, రెండు రోజుల్లో దిద్దుకొచ్చాడు. తండాల్లో సిగ్నలు లేనప్పుడు హాజరు ఫోనులోనే నిలిచి, సాయంకాలం బడికి వచ్చాక పైకి పోతుంది. ఇది పెద్దవాళ్ళలో ఒకరికే వున్నది.

అతని దగ్గరా ఒక దోషం పట్టాను. బస్సు డ్రైవరుకిచ్చే పట్టిక అచ్చువేయించి చూస్తే, పిల్ల పేరు పక్కన కులం, తల్లి ఫోను నంబరు, ఆధార్ అన్నీ వరసగా వున్నవి. "డ్రైవరుకి కులం యెందుకయ్యా?" అన్నాను. "అన్ని గళ్ళూ వస్తాయి సార్, ఎవరూ అడగలేదు యిప్పటిదాకా" అన్నాడు. ఎవరూ అడగలేదన్న మాట మా బడికి బాగా అలవాటైన మాటే గనక కోపం రాలేదు. పార్లమెంటు 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకి చట్టం చేసింది, 2025 నవంబరులో నియమాలు వచ్చినవి. పద్దెనిమిదేళ్ళలోపు వారందరూ దాని దృష్టిలో పిల్లలే. వారి వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి వుండాలని సూత్రం. బడులకి కొన్ని మినహాయింపులున్నవి, వాటిలోకి పోను. కాని చట్టం లేకపోయినా ఆ పట్టిక గోడకి అంటించి వుంటే యెలా వుంటుందో వూహించుకోవచ్చు. డ్రైవరుకి పేరు, యెక్కే చోటు, ఒక ఫోను నంబరు. టీచరుకి తన తరగతి మట్టుకే. కులం, ఆధార్ గుమాస్తాకీ హెడ్మిస్ట్రెస్‌కీ తప్ప కనిపించవు. అలాగ మార్చి తెచ్చాక మళ్ళీ రమ్మన్నాను. వచ్చాడు.

ధర విషయంలో అతను అందరికన్న చవక కాదు. మా బావమరిది అదే పట్టుకొన్నాడు. నేను పట్టుకొన్నది వేరొకటి. "నీ సంస్థ మూసేస్తే?" అని అడిగాను, మొహమాటం లేకుండా. కుర్రవాడు కాసేపు ఆలోచించి, "మూసేస్తే మీ పిల్లల వివరాలు మీకిచ్చి పోతా సార్" అన్నాడు. మాట చాలదు, ఇప్పుడే యివ్వమన్నాను. పరీక్షకి పెట్టిన పది పేర్లనీ అక్కడికక్కడే బయటికి తీసి నా పెన్‌డ్రైవులో పెట్టాడు. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలు. ఇద్దరం గంటసేపు కుస్తీ పట్టాము. ఫైలు మొదట్లో వుండవలసిన చిన్న గుర్తు లేక యంత్రం తెలుగుని తెలుగని పోల్చుకోలేదట. దిద్దాక అక్షరాలు కళకళలాడుతూ వచ్చినవి. ఇదే పరీక్ష కారులో వచ్చినవారికి పెట్టినప్పుడు, వివరాలు వెనక్కి యివ్వడానికి విడిగా రుసుము వుంటుందన్నారు.

ఒప్పందం కాగితం నేనే రాశాను. నెలకొకసారి మొత్తం వివరాలు మా పెన్‌డ్రైవులోకి, యెవరైనా తెరవగల రూపంలో. బాకీ వున్నా టీసీ ఆగకూడదు. సంవత్సరాంతాన ప్రతి తరగతి హాజరూ, మార్కులూ కాగితం మీద అచ్చువేసి, హెడ్మిస్ట్రెస్ సంతకంతో బైండు చేయించాలి. ఈ చివరి షరతు చూసి మేనల్లుడు, "కంప్యూటరు పెట్టుకొని మళ్ళీ బైండింగా మామయ్యా?" అని నవ్వాడట. నవ్వనీ. కొత్తగూడెంలో బైండింగుకి అయ్యే ఖర్చు యెంతో కనుక్కొన్నాను. బస్సు చూపించే బొమ్మకంటె చాలా తక్కువ.

ఇక ఆ అమ్మాయి సంగతి. పది రోజులన్నది యిరవై అయింది. పాత ఫీజు రసీదు పుస్తకాల కార్బను కాపీలు తిరగేశాము. 2012వి తడిసి ముద్దయిపోయినవి. ఆ సంవత్సరం నాలుగో తరగతి చెప్పినావిడ రిటైరై ఏన్కూరులో వుంటున్నదని గుమాస్తా చెబితే, ఆదివారం బయలుదేరి వెళ్ళాను. ఫోటో యేమైనా వుంటుందేమోనని.

ఆవిడ కాఫీ యిచ్చి, నేను చెప్పినదంతా విని, లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు చేసింది. నీలం అట్ట హాజరు పట్టీ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది. 2012-13, నాలుగో తరగతి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా, యెర్రసిరా గీతలతో, నెలనెలా మొత్తాలు వేసి, అప్పటి హెడ్మాస్టరు సంతకాలతో సహా.

"కంప్యూటరులో యెక్కించాక యిది రాయొద్దన్నాము గదండీ!" అన్నాను.

"అన్నారు" అన్నది ఆవిడ. "మీ కంప్యూటరు మీద నాకు గురి కుదరలేదు మాస్టారూ. పొద్దున పిల్లలని పేరు పెట్టి పిలిచి, వాళ్ళు పలికితే చుక్క పెట్టడం అలవాటు. హెడ్మాస్టరుగారు కూడా పాతకాలపు మనిషి, నెలాఖరున తెస్తే సంతకం పెట్టేవారు. రిటైరైననాడు బడిలో యిస్తే, అక్కరలేదు, మీరే వుంచుకోండన్నారు."

అన్నది యెవరో అడగలేదు. నేనే అయివుంటానని అనుమానం.

ఇరవై మూడో వరసలో ఆ అమ్మాయి పేరున్నది. సంవత్సరంలో పదకొండు రోజులే రాలేదు. నాలుగేళ్ళకీ సర్టిఫికెట్టు రాసి, రిజిస్టరు సంఖ్యలు వేసి, ఆ బుధవారమే యిచ్చాము. అందులో జిల్లా పేరు దగ్గర కాస్త ఆలోచించవలసివచ్చింది. ఆ పిల్ల చదివిననాడు మావూరు ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా; 2014 జూన్ 2న తెలంగాణ అయింది; 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రెండు పేర్లూ రాసి కింద వివరం పెట్టాము. కొత్త ప్రోగ్రాములో జిల్లాకి ఒకటే గడి వున్నది. ఖమ్మం కుర్రవాడికి ఆ సంగతి కబురు చేశాను.

ఏన్కూరు నుంచి బయలుదేరేముందు జరిగిన చిన్న విషయం మరిచాను. పట్టీ సంచీలో పెట్టుకొని నేను లేవబోతుంటే ఆవిడ, "మాస్టారూ, ఒక్కమాట" అని ఆపి, తెల్లకాగితం, కలమూ తెచ్చి ముందు పెట్టింది. పట్టీ తీసుకొన్నట్టు రసీదు కావాలట, తేదీ వేసి. రాసి సంతకం పెట్టాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకొని, మడిచి, ట్రంకుపెట్టెలో పట్టీ వుండినచోట పెట్టి మూత వేసింది.